మన ఇంటి ఆటకు మన ఇంటి సర్వరు



1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్ళింది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉన్న యానాం నేడు పుదుచ్చేరిలో భాగం. హోసూరు తమిళనాడులో ఉంది. ఆటల గురించి చెబుతానని వచ్చి ఈ చరిత్ర ఎందుకంటారా? మా కుటుంబం సరిగ్గా ఈ నాలుగు ఊళ్ళలోనే ఉంది. నేను, మా అమ్మ బరంపురంలో. తమ్ముడు ఉద్యోగరీత్యా బళ్ళారిలో. చెల్లెలిని ఇచ్చింది యానాం. మా మేనత్త కొడుకు, అంటే బావ, హోసూరులో ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాడు. మా అందరికీ కలిపి పిల్లలు ఆరుగురు.

ఈ ఆరుగురిలో ఒకరికి బడిలో ఒడియా, ఒకరికి కన్నడం, ఒకరికి తమిళం. యానాం పిల్లలకు మాత్రం బడిలో తెలుగు ఉంది. ఏడాదికోసారి వేసవిలో కలిసినప్పుడు పెద్దవాళ్ళతో తెలుగులో మాట్లాడేవారు గాని, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. అలాంటి పిల్లలను వారానికి మూడు సాయంత్రాలు ఒకచోట కూర్చోబెట్టి తెలుగులో పోట్లాడుకునేలా చేసినది ఒక పాత లాప్‌టాప్. అందులో నడుస్తున్న ఆట సర్వరు. కుటుంబం కోసం, నలుగురు స్నేహితుల కోసం అటువంటి సర్వరును ఇంట్లోనే ఎలా నడపవచ్చు, నడిపేవారు ఏం జాగ్రత్తలు పడాలి అన్న విషయం ఈ రోజు మనం మాట్లాడుకుందాం.

ముందుగా సర్వరు అంటే ఏమిటో చూద్దాం. పదిమంది ఒకేసారి ఒక ఆట ఆడాలంటే, ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు ఏ రాయి కదిపారు, ఎవరు ఏ తలుపు తీశారు అన్న లెక్క ఒకచోట రాసిపెట్టాలి. లేకపోతే ఒకరి తెర మీద ఉన్న గోడ ఇంకొకరి తెర మీద ఉండదు. ఆ లెక్క రాసే కంప్యూటరే సర్వరు. మన పల్లెటూళ్ళలో వీధి అరుగు ఎటువంటిదో ఇదీ అటువంటిదే. ఆడేవాళ్ళు వస్తారు, పోతారు. అరుగు మాత్రం ఉంటుంది. పగలు పేర్చిన పులిజూదం గవ్వలు మర్నాటికీ పేర్చినట్టే ఉంటాయి.

ఇది కొత్త సంగతి కాదు. 1978లోనే ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు పలువురు ఒకేసారి ప్రవేశించగల ఆటను తయారుచేశారు. దానిలో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. "ఉత్తరానికి వెళ్ళు" అని టైపు చేస్తే తరువాతి గది వర్ణన తెర మీదికి వచ్చేది. అయినా జనం రాత్రులు మేలుకొని ఆడారు. కారణం బొమ్మలు కాదు, అవతల నిజమైన మనిషి ఉన్నాడన్న భావన.

మా పిల్లలు ఎంచుకున్న ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ అనే ప్రోగ్రామరు 2009లో దీన్ని జనం ముందు పెట్టాడు. పూర్తి రూపంలో 2011 నవంబరులో విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ ఆట తయారుచేసే కంపెనీని రెండున్నర బిలియన్ డాలర్లకు కొనుగోలు చేసింది. ఆటలో ఉండేదల్లా దిమ్మలు. మట్టి దిమ్మ, రాతి దిమ్మ, చెక్క దిమ్మ. ఒక్కొక్కటి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. వాటిని తవ్వుకోవచ్చు, పేర్చుకోవచ్చు. ఇళ్ళు కట్టుకోవచ్చు, పంటలు వేసుకోవచ్చు, గొర్రెలను పెంచుకోవచ్చు. గెలుపు ఓటములు ముఖ్యం కాదు గనుక ఏడేళ్ళ పిల్ల, పదహారేళ్ళ కుర్రాడు కలిసి ఆడగలరు.

ఈ ఆటలో రెండు రకాలున్నాయి. ఒకటి జావా రకం, అది కంప్యూటర్ల మీద మాత్రమే నడుస్తుంది. రెండవది బెడ్‌రాక్ రకం. ఇది ఫోన్ల మీద, టీవీకి తగిలించే ఆటపెట్టెల మీద, విండోస్ కంప్యూటర్ల మీద నడుస్తుంది. ఒక రకం కొన్నవారు రెండో రకం సర్వరులోకి నేరుగా రాలేరు. చాలామంది ఇక్కడే పొరపడి డబ్బు వృథా చేసుకుంటారు. కొనే ముందు మీ కుటుంబంలో ఎవరి దగ్గర ఏ యంత్రం ఉందో కాగితం మీద రాసుకోండి. మా ఆరుగురిలో నలుగురికి ఉన్నవి తల్లిదండ్రుల ఫోన్లే. అందుచేత మేము బెడ్‌రాక్ తీసుకున్నాం. ఆడే ప్రతివారూ ఆటను కొనాలి, ప్రతివారికీ మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. చిన్నపిల్లల ఖాతా అయితే ఇతరులతో కలిసి ఆడటానికి తల్లిదండ్రులు తమ ఖాతా నుంచి అనుమతి ఇవ్వాలి. సర్వరు నడిపే ప్రోగ్రామును మాత్రం కంపెనీయే ఉచితంగా ఇస్తుంది.

మరి దానికి ఎంత యంత్రం కావాలి? ఆరుగురికి, ఎనమండుగురికి పెద్ద యంత్రం అక్కరలేదు. మూలన పడి ఉన్న నాలుగు జీబీ మెమరీ లాప్‌టాప్ మాకు సరిపోయింది. దాని మీద ఉబుంటు లైనక్స్ వేసుకున్నాం. విండోస్ ఉన్నా ఫరవాలేదు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై వంటి బోర్డు మీద కంపెనీవారు ఇచ్చే ఈ బెడ్‌రాక్ సర్వరు నేరుగా నడవదు, ఆ సంగతి గుర్తుంచుకోండి. కరెంటు ఖర్చు గురించి మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. లెక్క వేసి చూపించాను. లాప్‌టాప్ ముప్ఫై వాట్లు తీసుకుంటుందనుకుంటే, ఇరవై నాలుగు గంటలకు ఒక యూనిట్‌లో ముప్పాతిక కూడా కాదు. నెలకు సుమారు ఇరవై రెండు యూనిట్లు. రాత్రి పది నుంచి మధ్యాహ్నం దాకా ఆపివేస్తే అందులో సగానికి తక్కువ. కరెంటు పోయినా లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది గాని ఇంటర్నెట్ పెట్టెకు ఉండదు. దానికి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే మంచిది.

ఇంత శ్రమ ఎందుకు, అద్దెకు దొరకదా అని మీరు అడగవచ్చు. దొరుకుతుంది. ఆట కంపెనీయే నెలసరి అద్దెకు ఇస్తుంది, బయటి సంస్థలూ ఇస్తాయి. తీరిక లేనివారికి అదే మేలు. ఇంట్లో పెట్టుకుంటే అద్దె లేదు, ప్రపంచం మన చేతిలోనే ఉంటుంది, పిల్లలకు కంప్యూటరు లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది. అయితే అరుగు మనదైనప్పుడు ఊడ్చే బాధ్యతా మనదే. ఆ బాధ్యత నాకు అర్థం కావడానికి రెండు దెబ్బలు తగలవలసి వచ్చింది. అవి చెప్పేముందు అందరూ సర్వరు దగ్గరికి ఎలా చేరుకున్నారో చెప్పాలి.

ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద ఆడుకోవడం సులువు. చిక్కంతా వేరే ఊళ్ళనుంచి వచ్చేవారితోనే. ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక చిరునామా అంకె ఉండాలి. పాత పద్ధతిలో అటువంటి అంకెలు నాలుగు వందల ముప్ఫై కోట్లకు లోపే. అవి చాలక, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థలు వందలాది ఇళ్ళను ఒకే అంకె వెనుక పెడుతున్నాయి. కాలనీకంతా ఒకే తలుపు నంబరు ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీరు రాసిన ఉత్తరం బయటికి వెళుతుంది. మీ పేరు అడుగుతూ వచ్చిన చుట్టం మాత్రం గేటు దగ్గరే నిలబడిపోతాడు. నేను రెండు వారాలు తల బద్దలుకొట్టుకున్నాక అసలు కారణం ఇదని తెలిసింది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, ఇంటర్నెట్ సంస్థకు అదనపు రుసుము కట్టి మన ఇంటికే సొంత చిరునామా తీసుకోవడం. అప్పుడు ఇంటి ఇంటర్నెట్ పెట్టెలో బెడ్‌రాక్ ఆట వాడే 19132 అనే ద్వారాన్ని తెరిచి, లాప్‌టాప్ వైపు మళ్ళించాలి. రెండవది, టెయిల్‌స్కేల్ వంటి సాధనంతో మన వాళ్ళ యంత్రాలన్నిటినీ కలిపి ఒక సొంత గొలుసుగా కట్టుకోవడం. ఈ గొలుసులో చేర్చిన ఫోన్లకు తప్ప మన సర్వరు బయటి ప్రపంచానికి కనిపించదు. ప్రతి ఫోనులోనూ ఒక చిన్న ప్రోగ్రాము వేసుకోవలసి వస్తుంది, అంతే. నన్నడిగితే కుటుంబానికి రెండవ దారే మంచిది. నేను మాత్రం మొదట మొదటి దారినే పట్టాను. మొదటి దెబ్బ అక్కడే తగిలింది.

దూరం వల్ల ఆట నెమ్మదించదా అంటే, అంతగా నెమ్మదించదు. బరంపురం నుంచి హోసూరుకు తిన్నగా గీత గీస్తే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి సెకనులో నూరవ వంతు చాలు. దారిలో మలుపులు, మజిలీలు ఉంటాయి గనుక దానికి కొన్ని రెట్లు పడుతుంది. దిమ్మలు పేర్చుకునే ఆటకు అది లెక్కలోకి రాదు.

2022 వేసవిలో సర్వరు మొదలుపెట్టాం. ఏం కట్టాలి అని పిల్లలు ఆలోచిస్తుంటే, యానాం మేనకోడలు అంది: "మావయ్యా, అమ్మమ్మ వాళ్ళ పాత ఇల్లు కడదామా?" ఆ ఇంటి సంగతి చెప్పాలి. బరంపురంలో మా నాన్నగారు కట్టిన పెంకుటిల్లు. ఆయన పోయాక 2017లో పంపకాల కోసం అమ్మేశాం. కొన్నవారు పడగొట్టి మూడంతస్తుల మేడ వేశారు. పిల్లలలో ఇద్దరికే ఆ ఇల్లు లీలగా గుర్తుంది. మిగిలిన నలుగురూ చూడనేలేదు. మా ఇంట్లో దాని ఫొటోలు మూడంటే మూడున్నాయి, మూడింటిలోనూ పెళ్ళి పందిరి తప్ప ఇల్లు కనపడదు.

అందుచేత పిల్లలు మా అమ్మను పట్టుకున్నారు. ఆవిడకు ఎనభై దాటింది. ఫోనులో బృందంగా మాట్లాడుకునే ఏర్పాటు చేశాం. ఆట తెర మీద, మాట ఫోనులో. అమ్మ మంచం మీద కూర్చుని చెప్పేది, ఆరుగురు నాలుగు ఊళ్ళలో కట్టేవారు. "నుయ్యి ఈశాన్యాన ఉండేదర్రా" అంది. ఈశాన్యం అంటే ఏ వైపు? బళ్ళారి కుర్రాడికి తెలియలేదు. ఆ ఆటలో కూడా సూర్యుడు తూర్పునే ఉదయిస్తాడు. తెల్లవారేదాకా ఆగి, తూర్పు చూసుకుని, ఉత్తరం లెక్కపెట్టుకుని, ఆ మూల తవ్వారు. హోసూరు పిల్లవాడు బావి అన్నాడు, యానాం పిల్ల నుయ్యి అంది. రెండూ ఒకటేనా కాదా అని ఒక సాయంత్రమంతా వాదించుకున్నారు. అరుగు ఎత్తు దగ్గర ఇంకో చిక్కు. దిమ్మ మీటరు ఎత్తుంది. "అంత ఎత్తు అరుగెక్కి మీ తాత ఎలా కూర్చుంటార్రా?" అంది అమ్మ. అప్పుడు సగం దిమ్మలతో కట్టారు.

శ్రోతలారా, ఒక్క విషయం గమనించండి. అరుగు, వసారా, చూరు, దూలం, గిలక, దీపపు గూడు, పెరడు. ఈ మాటలు ఆ పిల్లలకు అంతకుముందు తెలియవు. మేము నేర్పుదామని కూర్చోబెట్టి ఉంటే పారిపోయేవారు. ఇక్కడ ఆ మాట తెలియకపోతే పని ఆగిపోతుంది. "దూలం ఎక్కడ పెట్టావు?" అంటే దూలం అంటే ఏమిటో తెలిసి తీరాలి. పైగా నాలుగు ఊళ్ళ పిల్లలకూ, అమ్మకూ ఉమ్మడిగా ఉన్న భాష ఒక్కటే. ఇంగ్లీషులో అడిగితే అమ్మ జవాబు చెప్పదు. అలా వారం తిరిగేసరికి వాళ్ళలో వాళ్ళు కూడా తెలుగులోకి దిగారు. ఆ మాటల్లో ఒడియా, కన్నడం, తమిళం కలగలిసి ఉండేవి. ఉంటే ఉండనివ్వండి, సరిహద్దు తెలుగు ఎప్పుడూ అంతే కదా.

ఇప్పుడు మొదటి దెబ్బ. మా పిల్లల్లో ఒకడు సర్వరు చిరునామాను బడిలో స్నేహితుడికి ఇచ్చాడు. ఆ స్నేహితుడు ఇంకొకరికి ఇచ్చాడు. ఒక రాత్రి ఎవరో ముక్కూ మొహం తెలియని వ్యక్తి లోపలికి వచ్చి, పెరట్లో చెక్కతో కట్టిన పశువుల పాకకు నిప్పు పెట్టి పోయాడు. ఆటలో కూడా చెక్క అంటుకుంటుంది, మంట పాకుతుంది. పొద్దున చూస్తే పాక లేదు, ఆవులు లేవు. చిన్నపిల్ల అన్నం మానేసి ఏడ్చింది. తప్పు ఆ పిల్లవాడిది కాదు, నాదే. ఇల్లు కట్టించాను గాని గొళ్ళెం పెట్టలేదు.

ఆ గొళ్ళెం సర్వరులోనే ఉంది. సర్వరుతో పాటు సెట్టింగుల ఫైలు ఒకటి వస్తుంది. అందులో అనుమతి జాబితా అనే ఏర్పాటు ఉంటుంది. దాన్ని తెరిస్తే, మనం రాసిన పేర్లవారే లోపలికి రాగలరు. ఇంకెవరికి చిరునామా తెలిసినా గుమ్మం దాటలేరు. ఖాతా నిజమైనదా కాదా అని కంపెనీ దగ్గర సరిచూసే ఏర్పాటు కూడా అదే ఫైలులో ఉంటుంది. దాన్ని ఎట్టిపరిస్థితులలోనూ తీసివేయకండి. తీసివేస్తే ఎవరైనా మీ అబ్బాయి పేరు పెట్టుకుని రావచ్చు. ఇక అధికారాల విషయం. సర్వరులో సందర్శకుడు, సభ్యుడు, నిర్వాహకుడు అని మూడు మెట్లున్నాయి. పిల్లలందరూ సభ్యులుగానే ఉండాలి. నిర్వాహకులు ఇద్దరు పెద్దవాళ్ళు చాలు. అడిగిన ప్రతివాడికీ నిర్వాహకుడి పదవి ఇస్తే, మొదటి తగాదాలోనే ఒకరినొకరు వెళ్ళగొట్టుకుంటారు. ఇదీ మా అనుభవమే.

ప్రోగ్రామును ఎప్పటికప్పుడు కొత్తది చేసుకోవడం కూడా గొళ్ళెం లాంటిదే. 2021 డిసెంబరులో లాగ్ ఫోర్ జె అనే ఒక సాధనంలో లోపం బయటపడింది. ఇదే ఆట జావా రకం సర్వర్లు ఆ సాధనాన్ని వాడేవి. కేవలం ఒక మాయ వాక్యం టైపు చేసి సర్వరు యంత్రాన్నే లొంగదీసుకోవడానికి వీలుండేది. వెంటనే సవరణ వచ్చింది. సవరణ వేసుకున్నవారు బయటపడ్డారు. బెడ్‌రాక్‌లో ఇంకో తంటా ఉంది. ఫోన్లలో ఆట దానంతటదే కొత్తదైపోతుంది. సర్వరు పాతదిగా ఉండిపోతుంది. అప్పుడు ఎవరూ లోపలికి రాలేరు. సరిగ్గా ఆడుకునే వేళకి ఆరు ఫోన్లూ మోగుతాయి. కొత్త సర్వరు వేసేటప్పుడు సెట్టింగుల ఫైలు, అనుమతి జాబితా, అధికారాల ఫైలు, ప్రపంచం ఉన్న ఫోల్డరు, ఈ నాలుగింటినీ ముందు పక్కన దాచుకుని ఆ తరువాతే కొత్తది వేయాలి. తొందరలో పాతదాని మీద పరిచేస్తే మీ సెట్టింగులు పోయి మొదటికొస్తుంది.

ఇక రెండో దెబ్బ. 2022 నవంబరులో ఒక ఉదయం లాప్‌టాప్ తెరిస్తే తెర మీద నల్లగా రెండు వరుసల అక్షరాలు. లోపల ఉన్న డిస్కు పోయింది. బాగుచేసే అతను చూసి పెదవి విరిచాడు. ఇంకో కాపీ ఉందా అని అడిగాడు. లేదు. ఆరు నెలల పని. వంటింటి పొగగూడు దాకా అన్నీ పూర్తయి, ఇంకొక్క తులసికోట కట్టాలి. ఆ సాయంత్రం అమ్మతో ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పాక ఆవిడ కాసేపు ఊరుకుని, "అమ్మినప్పుడు ఒకసారి పోయింది, ఇప్పుడు రెండోసారి" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకు అనిపించింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కాపీల గురించి అప్పుడు నేర్చుకున్నాను. మీరు ముందే నేర్చుకోండి. కంప్యూటరు పనిలో ఉన్నవారు మూడు, రెండు, ఒకటి అని ఒక సూత్రం చెబుతారు. ఏ ముఖ్యమైన దానికైనా మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు వేర్వేరు రకాల వస్తువుల మీద ఉండాలి. ఒక ప్రతి వేరే చోట ఉండాలి. మా ఇంట్లో ఇప్పుడు ఇలా నడుస్తోంది. రోజూ రాత్రి పదింటికి సర్వరు ఆగుతుంది. ఆగిన తరువాతే ప్రపంచం ఫోల్డరును ఆనాటి తేదీ పేరుతో కాపీ చేస్తుంది. నడుస్తూ ఉండగా ఊరికే కాపీ చేస్తే సగం రాసిన లెక్క కాపీ అవుతుంది, అది పనికిరాదు. ఏడు రోజుల కాపీలు ఉంచి పాతవి తీసివేస్తుంది. ఆదివారం నాటి కాపీని పెన్‌డ్రైవులోకి తీస్తాను. అదే కాపీ యానాంలో మా చెల్లెలి ఇంటి కంప్యూటరులోకి కూడా వెళుతుంది. మూడు నెలలకోసారి ఏదో ఒక కాపీని తీసి, నిజంగా నడుస్తోందో లేదో తెరిచి చూస్తాను. తెరిచి చూడని కాపీని నమ్ముకోకండి.

మరి పోయిన ఇల్లు ఏమైంది? దసరా సెలవులకు వచ్చిన మేనకోడలు, ఇంటికి వెళ్ళాక తన కంప్యూటరులో ఒంటరిగా ఆడుకుందామని ప్రపంచాన్ని పెన్‌డ్రైవులో పట్టుకుపోయిందట. నాకు చెప్పనేలేదు. వారం రోజుల తరువాత భయపడుతూ చెప్పింది. అందులో గోడలు ఉన్నాయి, నుయ్యి ఉంది, అరుగు ఉంది. పైకప్పు, వంటిల్లు లేవు. ఆ సగం ఇంటినే కొత్త డిస్కు మీదికి తెచ్చి, సంక్రాంతికి ముందు మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి అమ్మ చాలా తక్కువ చెప్పవలసి వచ్చింది. పిల్లలకే గుర్తుంది. వసారాకు ఎన్ని స్తంభాలో, దీపపు గూడు ఏ గోడకో వాళ్ళే చెప్పుకున్నారు. అమ్మ ఒకచోట పొరపాటున ఉత్తరపు గది అంటే, "కాదమ్మమ్మా, అది దక్షిణపు గది, నువ్వే చెప్పావు" అని బళ్ళారి కుర్రాడు సరిదిద్దాడు. వాడు పిలవవలసింది నాన్నమ్మా అని. యానాం పిల్లలతో కలిసి వాడికీ అమ్మమ్మే అయిపోయింది.

ఇంటి సర్వరుకు ఇంటి కట్టుబాట్లు కూడా ఉండాలి. మావి కొన్ని చెబుతాను, మీకు తగినట్టు మార్చుకోండి. ఆట వారానికి మూడు రోజులే, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదింటి వరకు. పరీక్షల నెలలో సర్వరు మూత. వేళ దాటితే సర్వరు ఆగిపోతుంది. వేళ అందరికీ ఒకటే గనుక, నాకొక్కడికే ఎందుకు అన్న పేచీ ఉండదు. ఒకరు కట్టింది ఇంకొకరు అడగకుండా పడగొట్టరాదు. తగాదా వస్తే ఆటలో తీర్చుకోకూడదు, ఫోనులో మాట్లాడుకోవాలి. తేలకపోతే పెద్దవాళ్ళకు చెప్పాలి. కొత్తవారిని పిలవాలంటే వారి తల్లిదండ్రులలో ఒకరితో నేను మాట్లాడిన తరువాతే జాబితాలో పేరు చేరుతుంది. ప్రస్తుతం అలా చేరిన స్నేహితులు ఇద్దరున్నారు. ఆటలో డబ్బు ప్రసక్తి ఉండరాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది. మన పిల్లల దిమ్మల ఆటకూ దానికీ సంబంధం లేదు. అయినా ఆటలో డబ్బు చేరితే ఆట ఏమవుతుందో పిల్లలకు ఈ వయసులోనే చెప్పడం మంచిది.

చివరిగా ఇంకొక్క మాట. సర్వరు తాళాలు ఒక్కరి దగ్గరే ఉండకూడదు. పాస్‌వర్డులు, కాపీలు ఎక్కడున్నాయో, ఎలా తిరిగి నడపాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి, ఒకటి నా బీరువాలో, ఒకటి యానాంలో పెట్టాను. రేపు నేను లేకపోయినా, నాకు ఓపిక లేకపోయినా, ఆ కాగితం చూసి మా మేనకోడలు నడపగలగాలి. ఇప్పుడు ఆ అమ్మాయికి పద్దెనిమిది. గత ఏడాది నుంచి సర్వరు కొత్తది చేసే పని ఆమెదే. నేను అనుమతి జాబితా చూసుకుంటే చాలు.

శ్రోతలారా, మీ ఇంట్లో కూడా ఒక పాత లాప్‌టాప్ ఉండవచ్చు. నాలుగు ఊళ్ళలో నలుగురు పిల్లలు ఉండవచ్చు. ఒకచోట కూర్చుని జ్ఞాపకాలు చెప్పగల పెద్ద దిక్కు ఇంకా ఉండవచ్చు. ఈ మూడూ ఉన్నప్పుడే మొదలుపెట్టండి. గొళ్ళెం ముందు పెట్టండి, కాపీ మొదటి రోజు నుంచే తీయండి. ఏం కట్టాలో పిల్లలనే అడగండి, ఎలా ఉండేదో పెద్దవాళ్ళను అడగండి.

మా ఇంట్లో తులసికోట పోయిన సంక్రాంతికి పూర్తయింది. అన్నేళ్ళు ఎందుకు పట్టిందంటే, అది ఎంత ఎత్తుండేదో అమ్మ ప్రతిసారీ ఒక్కో మాట చెప్పింది. ఇల్లు అయిపోతే పిల్లలు ఫోను చేయరేమోనని ఆవిడ భయమని నా అనుమానం. ఇప్పుడు వీధి చివరి రామాలయం మొదలుపెట్టారు. దాని ధ్వజస్తంభం ఎంత ఎత్తో అమ్మ రేపు చెబుతానంది.